నడిసముద్రంలో వడ్డన

పెళ్ళింట్లో పొయ్యి వెలిగించే ముందు వంటవాడు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఎన్ని విస్తళ్ళు లేస్తాయి? ఆ సంఖ్య తెలిస్తేనే ఎన్ని బస్తాల బియ్యం కావాలో, ఎన్ని బుట్టల కూరగాయలు తేవాలో తేలుతుంది. లెక్క తగ్గితే ఇంటి పరువు పోతుంది. పెరిగితే అన్నం పారబోయవలసి వస్తుంది. అయినా పెళ్ళి ఒకటి రెండు రోజులలో ముగుస్తుంది. ఏదైనా కొరత పడితే అంగడికి మనిషిని పరుగెత్తించవచ్చు. అలా కాక, వరుసగా ఏడు రోజులు, ఏడెనిమిది వేలమందికి మూడు పూటలా వడ్డించాలనుకోండి. చుట్టూ ఉప్పునీరు తప్ప అంగడి అనేదే లేదు. విహార నౌకలలో వంటవాళ్ళ పని అటువంటిది.

సరుకులను మోసేవి, మనుషులను ఒక రేవు నుండి మరొక రేవుకు చేర్చేవి మామూలు ఓడలు. విహార నౌక ఎక్కేవారికి ఎక్కడికో చేరాలన్న తొందర ఉండదు. ఓడలోనే ఉండి, తిని, ఆడి, నాలుగు రేవులు చూసి, చాలాసార్లు బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. అమెరికాలోని మయామి ఇటువంటి నౌకలకు పెద్ద రేవు. 2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖపట్నం వచ్చిన ‘ఎంప్రెస్’ అనే నౌకను చూడడానికి తీరాన జనం మూగారు. ఆ నౌక ఒకప్పుడు రాయల్ కరీబియన్ అనే సంస్థ నడిపినదే. అదే సంస్థ 2018లో ప్రయాణాలకు ప్రవేశపెట్టిన ‘సింఫనీ ఆఫ్ ద సీస్’ ముందు ‘ఎంప్రెస్’ చిన్న పడవలా కనిపిస్తుంది. సింఫనీ పొడవు 361 మీటర్లు. గదికి ఇద్దరు చొప్పున లెక్కిస్తే అందులో 5,518 మంది ప్రయాణికులు పడతారు. వారికి సేవ చేసే సిబ్బంది మరో 2,200 మంది.

ఈ ఓడ వారం రోజుల ప్రయాణానికి ఎక్కించుకొనే సరుకుల పట్టీ వింటే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. గుడ్లు సుమారు 60,000. బంగాళాదుంపలు సుమారు 9,000 కిలోలు. కోడిమాంసం 4,400 కిలోలు. అయితే పెద్ద అంకె కనబడగానే ఆశ్చర్యపోయి ఊరుకోక, దానిని మనుషుల సంఖ్యతో భాగించి చూడాలి. ప్రయాణికులు, సిబ్బంది కలిసి 7,718 మంది. 60,000 గుడ్లను ఏడు రోజులకు పంచితే రోజుకు 8,571. అంటే మనిషికి రోజుకు ఒక గుడ్డు, ఆ పైన కొంచెం! బంగాళాదుంప మనిషికి 170 గ్రాములకు మించదు. కోడిమాంసం 80 గ్రాములు. ఆ ఓడలో ఇంకా ఎన్నో రకాల మాంసాలు, చేపలు, పళ్ళు ఉంటాయన్నది నిజమే. కానీ కొండలా కనిపించిన రాశి భాగహారం చేయగానే ఒక పళ్ళెంలో ఇమిడిపోయింది.

ఇప్పుడు డబ్బు సంగతి చూద్దాం. ఇటువంటి పెద్ద సంస్థలు తమ జమాఖర్చులను ఏటా ప్రకటించాలి. అందులో భోజన పదార్థాల ఖర్చుకు వేరే పద్దు ఉంటుంది. 2019లో రాయల్ కరీబియన్ భోజన పద్దు కింద పెట్టిన ఖర్చు 58 కోట్ల 39 లక్షల డాలర్లు. ఒక ప్రయాణికుడు ఒక రోజు ఓడలో ఉంటే దానిని ఒక ‘ప్రయాణిక దినం’గా లెక్కిస్తారు. ఒకే మనిషి ఏడు రోజులు ఉంటే అవి ఏడు ప్రయాణిక దినాలు. ఆ ఏడాది సంస్థ ఓడలన్నిటిలో కలిపి నాలుగు కోట్ల 48 లక్షల ప్రయాణిక దినాలు గడిచాయి. మొదటి అంకెను రెండవదానితో భాగిస్తే పదమూడు డాలర్లు వస్తుంది. అప్పటి మారకం ప్రకారం సుమారు 900 రూపాయలు. ఉదయపు ఫలహారం మొదలు అర్ధరాత్రి తినుబండారాల దాకా, ఒక ప్రయాణికుడి ఒక రోజు తిండికి అయిన ఖర్చు అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ పద్దులో సిబ్బంది తిండి ఖర్చు కూడా కలిసే ఉంటుంది. సింఫనీలో ఐదుగురు ప్రయాణికులకు ఇద్దరు సిబ్బంది ఉన్నారు. సంస్థ ఓడలన్నిటికీ అదే లెక్క వేస్తే, ఐదుగురి పేర రాసిన 65 డాలర్లతో నిజానికి ఏడుగురు తిన్నారు. మనిషికి తొమ్మిది డాలర్ల చిల్లర. పూటకు మూడు డాలర్లు!

అదే ఏడాది సంస్థ మొత్తం రాబడి 1,095 కోట్ల డాలర్లు. అంటే వచ్చిన ప్రతి వంద డాలర్లలో తిండికి పోయినవి ఐదు డాలర్ల పైచిలుకు మాత్రమే. ఓడ ఇంజన్లు తాగిన చమురుకు అంతకంటె ఎక్కువే, దాదాపు 70 కోట్ల డాలర్లు అయ్యాయి. మరొక పెద్ద సంస్థ కార్నివాల్ లెక్క కూడా అదే ఏడాది ఇంచుమించు ఇలాగే ఉంది: 2,080 కోట్ల డాలర్ల రాబడిలో తిండికి 108 కోట్లు. తరువాత ధరలు పెరిగాయి. 2023లో రాయల్ కరీబియన్ ఓడలలో పదమూడు డాలర్లు పదహారున్నర అయ్యాయి. అయినా రాబడిలో ఆ వాటా వందకు ఆరు దాటలేదు.

ఇంత తక్కువతో ఎలా సరిపెడతారు? సరుకు టోకున కొనడం ఒక కారణం. అంతకన్న ముఖ్యమైనది విస్తళ్ళ లెక్క. ఊళ్ళోని హోటలుకు రేపు ఎందరు వస్తారో యజమానికి తెలియదు. ఓడలో అలా కాదు. ఎందరున్నారో, వారిలో పిల్లలెందరో బయలుదేరే ముందే తెలుసు. ఎవరూ బయటికి పోయి తినలేరు, కొత్తగా ఎవరూ రాలేరు. ఏ రోజు ఏ వంట చేయాలో ముందే నిర్ణయమై ఉంటుంది. వారం తిరగగానే ఆ వరుసే మళ్ళీ మొదలవుతుంది. కిందటి ప్రయాణాలలో ఏ వంటకం ఎన్ని పళ్ళాలు ఖర్చయిందో కంప్యూటరులో నమోదై ఉంటుంది. దానిని చూసి సరుకు తెప్పిస్తారు. ఓడ రేవులో ఆగేది ఒక్క పగలే. పాత ప్రయాణికులు దిగుతూ, కొత్తవారు ఎక్కుతూ ఉండగానే లారీలలో వచ్చిన సరుకు అడుగు అంతస్తులలోని ఉగ్రాణాలకు చేరిపోవాలి. మాంసానికి ఒక చల్లని గది, చేపలకు ఒకటి, కూరగాయలకు ఒకటి. అక్కడ ఒక యంత్రం చెడిపోతే పోయేది సరుకు మాత్రమే కాదు, ఆ వారపు భోజనాలు.

ఎంత తక్కువలో వండినా శుభ్రతను తగ్గించడానికి వీలులేదు. అమెరికా రేవులకు వచ్చే ఈ ఓడల వంటశాలలను అక్కడి ప్రజారోగ్య శాఖవారు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. నూటికి 86 మార్కులు రాకపోతే తప్పినట్లే. ఆ మార్కులు అందరికీ తెలిసేలా ప్రకటిస్తారు కూడా. బల్లల మీద మిగిలినది ఏమవుతుందన్న ప్రశ్నకూ నియమం ఉంది. కరీబియన్ సముద్రంలో ఆహారపు వ్యర్థాలను తీరానికి 12 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటిన తరువాత మాత్రమే, అదీ చిన్న ముక్కలుగా నూరి నీటిలో వదలాలి.

భోజనం టికెట్టులోనే కలిసి ఉందని సంస్థలు చాటుతాయి. ఓడ ఎక్కినవారికి పదే పదే వెళ్ళి తెచ్చుకొనే పళ్ళెమే గొప్ప ముచ్చట. కానీ మద్యానికి, జూదశాలకు, కొన్ని ప్రత్యేక భోజనశాలలకు, రేవులలో విహారాలకు వేరే డబ్బు. 2019లో టికెట్లు కాక ఇలా వచ్చినది 309 కోట్ల డాలర్లు. ప్రయాణిక దినానికి 69 డాలర్లన్నమాట. పదమూడు డాలర్ల తిండి పెట్టి అరవైతొమ్మిది డాలర్ల అంగడి తెరవడం వ్యాపారంలో మంచి నేర్పే.

పదమూడు డాలర్లలో చేరనిది ఒకటి ఉంది. అది వండినవారి చెమట. గరిటె పట్టేవారి జీతం వేరే పద్దు. ఈ ఓడలలో పనిచేసేవారిలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా దేశాలవారితో పాటు భారతీయులు కూడా చాలామంది. సింఫనీ అమెరికా రేవు నుండి బయలుదేరినా దానిపై ఎగిరేది బహామాస్ జెండా. కాబట్టి అమెరికా కనీస వేతన చట్టం ఆ సిబ్బందికి వర్తించదు. వారికి అండగా ఉన్నది సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం. అది 2013 నుండి అమలులో ఉంది. ఇరవైనాలుగు గంటలలో కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలని, ఓడలో ఉన్నంతకాలం తిండి ఉచితంగా పెట్టాలని అది చెబుతుంది. పది గంటల విశ్రాంతి అంటే, తిప్పి చదివితే, పద్నాలుగు గంటల పని కూడా నియమం లోపలిదే. ఇంటి ముఖం చూడకుండా నెలల తరబడి సాగే కొలువు అది. ప్రయాణికుల భోజనశాలలో దీపాలు తగ్గించాక, కింది అంతస్తులో సిబ్బంది బల్లల దగ్గర వారి వడ్డన మొదలవుతుంది. రోజుకు మనిషికి ఒక గుడ్డు అన్న లెక్కలో వారి గుడ్డు కూడా ఉంది.

ఏడు రోజులు గడిచి, తెల్లవారుజామున ఓడ మళ్ళీ రేవు చేరేసరికి గట్టు మీద లారీలు బారులు తీరి ఉంటాయి. సాయంత్రం లోగా మరో 60,000 గుడ్లు ఉగ్రాణానికి చేరాలి.