చందాల ఆటలు – చెల్లని వాగ్దానాలు

ఊరంతా తలా ఒక చేయి వేసి రామాలయం కట్టించుకోవడం తెలుగువారికి కొత్త కాదు. అదే పద్ధతి కంప్యూటర్ యుగంలో ‘క్రౌడ్‌ఫండింగ్’ అన్న పేరుతో అవతరించింది. ఇంకా తయారుకాని వస్తువును గురించి నిర్మాత ప్రకటిస్తాడు; నచ్చినవారు ముందుగానే చందా చెల్లిస్తారు. 2009లో అమెరికాలో ఆరంభమైన కిక్‌స్టార్టర్ సంస్థ 2013లో ఆస్ట్రేలియా నిర్మాతలకూ ద్వారం తెరిచింది. ఇట్టి చందాలను విరివిగా ఆకర్షించిన వాటిలో కంప్యూటర్ ఆటలు ముఖ్యమైనవి. వేలమంది ఒకేసారి ఆడవలసిన ఆన్‌లైన్ ఆటల విషయంలో మాట తప్పిన ఉదంతాలు కొన్ని ప్రసిద్ధికెక్కాయి. ఇందుకు దురుద్దేశమే కారణమా? లెక్క కట్టి చూస్తే మరొక కారణం గోచరిస్తుంది.

రెండు ఉదంతాలు

2012లో ‘స్టార్ సిటిజన్’ అనే అంతరిక్ష క్రీడకు చందాలు మొదలైనప్పుడు 2014 చివరికి ఆట అందుతుందని అంచనా ఇచ్చారు. 2022 నాటికి వసూళ్లు 50 కోట్ల అమెరికన్ డాలర్లు దాటినా పూర్తి ఆట వెలువడలేదు. ‘క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా’ అనే మరొక ఆట 2016లో కిక్‌స్టార్టర్ ద్వారా 13 లక్షల డాలర్లకు పైగా సేకరించింది. అందులోని రాజు, డ్యూక్ వంటి హోదాలను సైతం ముందుగానే విక్రయించారు. 2020 మార్చిలో నిధులు అడుగంటాయని, సిబ్బందిని తొలగించామని నిర్మాత ప్రకటించాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇచ్చట చక్కగా వర్తిస్తుంది.

సంఖ్య పెరిగితే సమస్య మారుతుంది

గాజుకుప్పెలో నెమ్మదిగా సాగే రసాయన చర్య పెద్ద తొట్టెలో ప్రమాదకరం కావచ్చు. పాత్ర కొలతలన్నీ 10 రెట్లు పెంచితే ఘనపరిమాణం 1,000 రెట్లు పెరుగుతుంది. వేడిని బయటకు పంపే ఉపరితలం మాత్రం 100 రెట్లే పెరుగుతుంది. పుట్టిన వేడి పోయే దారి చాలదు.

ఆన్‌లైన్ ఆటకూ ఇట్టి చిక్కే ఉన్నది. ప్రతి ఆటగాని కదలికా మిగిలినవారందరికీ తెలియాలి. నలుగురు ఆడితే ఒక్కొక్కసారికి 4×3, అనగా 12 సందేశాలు చాలు. వందమందికి 9,900, వేయిమందికి 9,99,000 కావాలి. సెకనుకు 20 మార్లు పంపితే దాదాపు 2 కోట్లు! దగ్గరివారి కదలికలనే పంపడం ఒక ఉపాయం. కాని అందరూ ఒకే యుద్ధరంగంలో గుమిగూడితే ఆ ఉపాయం పారదు. పదిమందితో చేసిన చక్కని ప్రదర్శన పదివేలమందికి హామీ కాజాలదు.

ఆస్ట్రేలియావాసులకు మరొక హద్దు ఉన్నది. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పయనిస్తుంది. సిడ్నీ నుండి లాస్ ఏంజెలెస్ సుమారు 12,000 కిలోమీటర్లు. కనుక సందేశం పోయి రావడానికి కనీసం 0.12 సెకను పడుతుంది. ఎన్ని చందాలు పోసినా ఈ జాప్యాన్ని తగ్గించలేము. సర్వరును దగ్గరకు తేవడమొక్కటే మార్గం. అది నెలనెలా ఖర్చు.

మెల్‌బోర్న్ ఉదాహరణ

మెల్‌బోర్న్‌లోని లీగ్ ఆఫ్ గీక్స్ సంస్థ 2014లో ‘ఆర్మెల్లో’ అనే ఆటకు 3 లక్షల డాలర్లకు పైగా చందాలు సేకరించి, 2015లో ఆటను విడుదల చేసింది. ఆ ఆటలో ఒకసారి ఆడేది నలుగురే. వాగ్దానం పరిమితం, నెరవేరింది.

చట్టం, వివేకం

ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, వ్యాపారంలో భవిష్యత్తును గురించి ఇచ్చే మాటకు ఇచ్చిన నాటికే సహేతుకమైన ఆధారం ఉండాలి. లేనిచో అది తప్పుదారి పట్టించినట్లే. ఆటలను విక్రయించే అమెరికా సంస్థ వాల్వ్, సొమ్ము వాపసు హక్కుల విషయంలో కొనుగోలుదారులను తప్పుదారి పట్టించిందని నిర్ణయించి, ఫెడరల్ కోర్టు 2016లో 30 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అయితే నిధులు హరించుకుపోయిన సంస్థ నుండి సొమ్ము రాబట్టడం కోర్టులకూ కష్టమే.

కావున పిల్లలు క్రెడిట్ కార్డు అడిగినప్పుడు తల్లిదండ్రులు వారితో కలిసి మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఇంతవరకు ఎంతమందితో ఆడించి చూపారు? సర్వర్లు ఆస్ట్రేలియాలో ఉంటాయా, వాటి ఖర్చు ఎవరు భరిస్తారు? ఆట రాకపోయినా ఈ సొమ్ము వదులుకోగలమా? మూడింటికీ సమాధానం దొరికితే చందా వేయవచ్చు. దొరకకపోతే ఆట విడుదలయ్యేవరకు ఆగడంలో నష్టమేమీ లేదు.