గడియారం చెప్పనిది

ప్రశ్న: స్కీ పందెంలో సమయం తెర మీదే కనిపిస్తుంది కదా, ఇక ప్రత్యక్ష వ్యాఖ్యాతకు కష్టమేముంది?

జవాబు: అసలు కష్టం అక్కడే ఉందండి. పరుగు పందెంలో ఎవరు ముందున్నారో కంటికే తెలుస్తుంది. డౌన్‌హిల్ స్కీ పందెంలో ఒక్కొక్కరే దిగుతారు. ప్రత్యర్థి అంటే తెర మీద ఒక అంకె. ఆ అంకె ఎంత వెనకబడ్డారో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. పైగా ఆలస్యంగా చెబుతుంది: మలుపులో స్కీ అంచు జారి వేగం తగ్గితే, ఆ నష్టమంతా కింద చదునైన భాగం దాటాక గానీ లెక్కలోకి రాదు. ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో మూడు కిలోమీటర్లకు పైబడిన వాలును విజేతలు రెండు నిమిషాల లోపే దిగేస్తారు. అంత వేగంలో తప్పు పట్టుకుని, దాని ఫలితాన్ని గడియారం కంటే ముందే చెప్పాలంటే ప్రతి మలుపూ కంఠతా వచ్చి ఉండాలి.

అలాగని విజేతను కూడా ముందే చెప్పేయకూడదు. మేటివాళ్లంతా దిగాక, మిగతావారు ఇంకా ఉండగానే విజేతను ప్రకటిస్తే తప్పేమిటని కొందరంటారు. చాలాసార్లు ఆ అంచనా నిజమే అవుతుంది. తర్వాత దిగేవారికి మంచు గాళ్లు పడి పాడవుతుంది కూడా. కానీ 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ మహిళల సూపర్-జీ స్కీ పందెంలో అమెరికా ఛానల్ ఎన్‌బీసీ, స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన ఆనా ఫైట్‌దేనని చెప్పి ఫిగర్ స్కేటింగ్‌కు మళ్లింది. ఆ తర్వాత 26వ నంబరుతో దిగిన చెక్ క్రీడాకారిణి ఎస్టర్ లెడెట్స్కా 0.01 సెకను తేడాతో గెలిచింది. ‘ప్రస్తుతానికి ముందంజ’ అని ఊరుకుని ఉంటే ఆ ప్రసారంలో ఒక్క మాటా దిద్దుకోవాల్సి వచ్చేది కాదు.