వ్యవసాయ పనిముట్లకు ఎపాక్సీ పూత: థిన్నర్ వాడకంలో జాగ్రత్తలు

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో వరి దమ్ముకు వాడే కేజ్‌వీల్స్ బురద, తేమ వలన తుప్పు పడతాయి. తుప్పును పూర్తిగా గీకి ఎపాక్సీ పూత వేసినచో ఇనుము ఎక్కువకాలం మన్నుతుంది.

రెజిన్, హార్డెనర్‌లను కలపగానే రసాయన చర్య మొదలై వేడి పుడుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుంది. కావున 40 డిగ్రీలు దాటే వేసవిలో మిశ్రమం త్వరగా చిక్కబడుతుంది. ఇది ఆరిపోవడం కాదు, గట్టిపడడం. థిన్నర్ పోసినా ఈ చర్య వెనుకకు మరలదు. పైగా పూతలో చిక్కుకున్న థిన్నర్ సూక్ష్మరంధ్రాలను మిగిల్చి మరల తుప్పుకు దారితీస్తుంది. అందువలన చల్లని వేళలో, పూతకు సరిపడినంత మాత్రమే కొద్దికొద్దిగా కలుపుకోవాలి. డబ్బాపై సూచించిన థిన్నర్‌ను, సూచించిన మోతాదులో, తాజా మిశ్రమంలోనే వాడాలి.

కుంచెలను పూత గట్టిపడక ముందే పాతగుడ్డతో తుడిచి, ఎసిటోన్ లేదా ఎపాక్సీ థిన్నర్‌లో రెండుసార్లు కడగాలి. గట్టిపడిన రెజిన్‌ను సాధారణ ద్రావణులు కరిగించలేవు. చేతులకు తొడుగులు ధరించాలి. చర్మంపై పడిన రెజిన్‌ను థిన్నర్‌తో తుడవరాదు, సబ్బునీటితో కడగాలి. నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట పనిచేయాలి.

వాడిన థిన్నర్‌ను పొలం కాలువలో, బావి వద్ద పారబోయరాదు. మూతబిగించి నిలువ ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. పైతేట మరుసటిసారి తొలి కడుగుకు పనికివస్తుంది.