ఎస్ఎంపీఎస్ కొంటున్నారా? డబ్బా మీద వాట్లు కాదు, పక్కనున్న లేబుల్ చదవండి

పీసీ బిల్డ్ లిస్టు ఒకసారి చూసి చెప్పమని మాకు వచ్చే మెసేజ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రాసెసర్ పేరు చివరి అక్షరంతో సహా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు ఏ కంపెనీది, ఎన్ని ఫ్యాన్లది అనేది కూడా ఉంటుంది. ర్యామ్ స్పీడ్ కూడా రాస్తారు. అన్నిటికన్నా కింద మాత్రం "ఎస్ఎంపీఎస్ – 500 వాట్స్, ఏదైనా పర్లేదు" అని ఉంటుంది. ఆ "ఏదైనా పర్లేదు" గురించే ఈ ఆర్టికల్.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. మూడేళ్ల కిందట క్యాబినెట్‌తో పాటు వచ్చే ఒక 450 వాట్ల ఎస్ఎంపీఎస్‌ని నేను రివ్యూ చేశాను. రెండు గంటలు గేమ్ ఆడాను. ఎక్కడా ఆగలేదు, పెద్దగా సౌండ్ రాలేదు. "ఈ బడ్జెట్‌లో ఓకే" అని రాసేశాను. అది చదివి గుంటూరులో మా పిన్ని కొడుకు అదే కొన్నాడు. పాత చిన్న గ్రాఫిక్స్ కార్డుతో ఏడాది బాగానే నడిచింది. తర్వాత డబ్బులు కూడబెట్టి ఆర్టీఎక్స్ 3060 వేశాడు. రెండో వారంలో గేమ్ మధ్యలో టప్‌మని సౌండ్, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతే పోయింది, తనతో పాటు మదర్‌బోర్డునీ కొత్త కార్డునీ కూడా తీసుకుపోయింది. "నువ్వే కదన్నా బాగుందని రాశావ్" అన్నాడు. ఏం చెప్తాం? ఆ డబ్బా పక్కనున్న లేబుల్‌ని నేను సరిగ్గా చదివి ఉంటే, పీసీ ఆన్ చెయ్యకుండానే విషయం తెలిసిపోయేది.

లేబుల్‌లో ఏముంటుంది?

ఎస్ఎంపీఎస్ చేసే పని, గోడలోంచి వచ్చే 230 ఓల్టుల ఏసీని 12, 5, 3.3 ఓల్టుల డీసీగా మార్చి ఇవ్వడం. ఇప్పటి పీసీలో అసలు కరెంటు తినేవి రెండే: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. ఈ రెండూ దాదాపు మొత్తం పవర్‌ని 12 ఓల్టుల లైన్ నుంచే తీసుకుంటాయి. ఒకప్పుడు ఇలా లేదు, 5 ఓల్టుల మీద లోడ్ ఎక్కువ ఉండేది. 2003లో ఇంటెల్ ఏటీఎక్స్12వి 2.0 స్పెసిఫికేషన్ తెచ్చినప్పటి నుంచి బరువంతా 12 మీదికి వచ్చింది. చవక ఎస్ఎంపీఎస్‌లలో చాలావాటికి ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

నేను రివ్యూ చేసిన దాని లేబుల్ ఇలా ఉంది: +3.3వి దగ్గర 18ఏ, +5వి దగ్గర 20ఏ, +12వి దగ్గర 16ఏ. ఓల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి, అంతే లెక్క. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. అంటే 450 అని రాసి ఉన్న డబ్బాలో ప్రాసెసర్‌కీ కార్డుకీ పనికొచ్చేది 192 మాత్రమే. 3.3కి 59, 5కి 100, మిగతా చిన్నచిన్న లైన్లు కూడా కలిపితే మొత్తం 365 దాటదు. అన్నీ కలిపినా 450 రాలేదు చూశారా? ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో ప్రింట్ చేసినవాళ్లకే తెలియాలి.

ఇప్పుడు అవతలి వైపు లెక్క. ఆర్టీఎక్స్ 3060 తీసుకునేది 170 వాట్లు. మా తమ్ముడి ప్రాసెసర్ కోర్ ఐ5 12400ఎఫ్. దాని మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ టర్బోలో 117 వరకు వెళ్తుంది. రెండూ కలిపి 287. ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ, బోర్డు ఇంకా పక్కన పెట్టాం. 192 ఇవ్వగలిగిన దాన్ని 287 అడిగాం. రెండు వారాలు నడవడమే గొప్ప.

మంచి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ లేబుల్ చూడండి. +12వి దగ్గర 45ఏ వరకు ఉంటుంది. అంటే 540 వాట్లు. డబ్బా మీద అంకెకీ 12 ఓల్టుల లెక్కకీ తేడా ఇంత తక్కువ ఉంటే ఆ డిజైన్ ఈ కాలానిది అని అర్థం. కొన్నిటి మీద +12వి1, +12వి2 అని రెండు గళ్లు ఉంటాయి. ఆ రెండిటినీ కూడేయకండి, కింద రెండూ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లో వేరే లైన్‌లో రాస్తారు, అదే చూడాలి. ఆ లైన్ అసలు లేకపోతే షాపువాడికి తిరిగిచ్చెయ్యండి.

మరి లెక్క 340 దగ్గర తేలుతుంటే ఆర్టీఎక్స్ 3060కి ఎన్విడియా 550 వాట్లు ఎందుకు అడుగుతుంది? కంపెనీలు భయపెట్టి ఎక్కువ కొనిపిస్తాయని కొందరు అంటారు. పూర్తిగా అబద్ధం కాదు గానీ, అసలు కారణం వేరే ఉంది. కార్డు తీసుకునే పవర్ నిలకడగా ఉండదు, కన్ను మూసి తెరిచేలోపు ఎన్నోసార్లు ఎగిసి పడుతుంది. 170 అనేది సగటు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0లో అయితే, 450 వాట్లు దాటిన ఎస్ఎంపీఎస్‌లు సెకనులో పదివేలవ వంతు సేపు తమ రేటింగ్‌కి రెండింతలు తట్టుకోవాలని పెట్టారు. ఆ చిన్న ఎగుడుకి తట్టుకోలేకే గేమ్ మధ్యలో పీసీ చటుక్కున ఆఫ్ అయ్యేది. చాలామంది విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ కూర్చుంటారు.

80 ప్లస్ గోల్డ్ ఉంటే చాలా?

ఇది బంగారం హాల్‌మార్క్ లాంటిదని చాలామంది అనుకుంటారు. కాదు. 80 ప్లస్ చెప్పేది ఒక్కటే: గోడలోంచి లాగిన కరెంటులో ఎంత శాతం పనికొస్తుంది, ఎంత వేడిగా పోతుంది. అవుట్‌పుట్ ఎంత శుభ్రంగా ఉంది, లోపల షార్ట్ అయితే ఆగుతుందా అన్నవి ఆ స్టిక్కర్ లెక్కలో లేవు.

బిల్లు ఆదా అవుతుందా అంటే, లెక్క వేద్దాం. 300 వాట్ల లోడ్ మీద 85 శాతం ఎఫిషియెన్సీ ఉన్నది గోడలోంచి 353 లాగుతుంది, 92 శాతం ఉన్నది 326. తేడా 27 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు మూడు యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకున్నా పాతిక రూపాయలు. కరెంటు బిల్లు కోసం గోల్డ్‌కి వెయ్యి, రెండు వేలు ఎక్కువ పెట్టక్కర్లేదు. వేడి తగ్గుతుంది, ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, సాధారణంగా లోపలి పార్టులు కూడా మెరుగ్గా ఉంటాయి. ఆ కారణాలతో కొంటే కొనండి.

"సాధారణంగా" అని ఎందుకన్నానంటే 2021లో జరిగింది గుర్తుందిగా. గిగాబైట్ వాళ్ల జీపీ-పీ750జీఎం, జీపీ-పీ850జీఎం రెండూ గోల్డ్ స్టిక్కర్ ఉన్నవే. గేమర్స్ నెక్సస్ ఛానల్ వాళ్లు టెస్ట్ చేస్తే కొన్ని పేలిపోయాయి. ఓవర్‌లోడ్ అయినప్పుడు కట్ చేసే లిమిట్ మరీ పైన, రేటింగ్‌లో 120 నుంచి 150 శాతం దగ్గర ఉందని, దాన్ని 110 నుంచి 120 శాతానికి దించామని కంపెనీయే తర్వాత ప్రకటించింది. స్టిక్కర్ మాత్రం మొదటి నుంచీ గోల్డే.

ఇంకో సంగతి, 80 ప్లస్ టెస్టు చేసేది ఏసీ గదిలాంటి చోట, 23 డిగ్రీల దగ్గర. మన రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో క్యాబినెట్ లోపల ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో "ఎన్ని డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుంది" అన్నది వెతకండి. 50 డిగ్రీలు అని రాసి ఉంటే మంచిది, 40 అంటే ఫర్వాలేదు. ఏమీ రాయలేదంటే ఎందుకు రాయలేదో ఊహించుకోవచ్చు. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీలవా, 85 డిగ్రీలవా అన్నది కూడా ఇక్కడే తేడా చూపిస్తుంది. పది డిగ్రీల వేడి తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపు అవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క.

రివ్యూని ఎలా రివ్యూ చెయ్యాలి

బాక్స్ తెరిచి, కేబుల్స్ బయటకు తీసి, అరగంట గేమ్ ఆడి "సూపర్" అన్న వీడియో ఎస్ఎంపీఎస్ గురించి ఏమీ చెప్పదు. నా పాత రివ్యూ కూడా ఆ బాపతే. గేమ్ ఆడితే ఫోన్ గురించి తెలుస్తుంది, కార్డు గురించి తెలుస్తుంది. ఎస్ఎంపీఎస్ గురించి తెలియాలంటే లోడ్ టెస్టర్, ఆసిలోస్కోప్ ఉండాలి. అవి లేనివాళ్ల రివ్యూలో మీరు నమ్మగలిగేవి కేబుల్ పొడవు, ఫ్యాన్ సౌండ్, కనెక్టర్ల సంఖ్య.

సరైన రివ్యూలో మొదట చూడాల్సింది రిపుల్. డీసీ గీత నున్నగా ఉండాలి, కానీ పైన సన్నటి అలలు ఉంటాయి. 12 ఓల్టుల మీద ఆ అల 120 మిల్లీఓల్టులు దాటకూడదు, 5, 3.3 ఓల్టుల మీద 50 దాటకూడదు. మంచివి ఇందులో సగం కూడా రానివ్వవు. తర్వాత, ఫుల్ లోడ్‌లో 12 ఓల్టులు ఎంతకి పడుతోంది? 11.4 కిందికి వస్తే ఫెయిల్. ఆ తర్వాత ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్, వేడి, ఈ మూడిటికీ ప్రొటెక్షన్ నిజంగా పనిచేసిందా అని ఒక్కోటీ ట్రిప్ చేసి చూపించాలి. సైబెనెటిక్స్ అనే ల్యాబ్ తన రిపోర్టుల్ని వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది, ఎఫిషియెన్సీకి ఈటా, సౌండ్‌కి లాంబ్డా అని విడిగా రేటింగ్ ఇస్తుంది. మీ మోడల్ అక్కడ ఉంటే యూట్యూబ్ మూసేసి అది చదవండి.

మన ఇళ్లలో కనిపించే రెండు సమస్యలు

యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే పీసీ రీస్టార్ట్ అవుతోందని అడుగుతుంటారు. బ్యాటరీ పోయిందని మార్చేస్తారు, మళ్లీ అదే. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఖాళీలో పీసీని నిలబెట్టేది ఎస్ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్. స్పెసిఫికేషన్ ప్రకారం 16 మిల్లీసెకన్లు ఆపాలి (కొత్త ఏటీఎక్స్ 3.1లో ఫుల్ లోడ్ దగ్గర దీన్ని 12కి తగ్గించారు). చవక వాటిలో ఖర్చు తగ్గించడానికి మొదట చిన్నదయ్యేది ఆ కెపాసిటరే. ఇంకో కారణం కూడా ఉండొచ్చు: యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న మంచి ఎస్ఎంపీఎస్‌లలో కొన్నిటికి చవక యూపీఎస్‌లు ఇచ్చే చదరపు వేవ్ నచ్చదు. అలాంటప్పుడు మార్చాల్సింది యూపీఎస్‌నే, ప్యూర్ సైన్ వేవ్ ఉన్నది తీసుకోవాలి.

రెండోది, క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనడం. కొత్త ఎస్ఎంపీఎస్ వేశాకే మొదలైంది, పాతది షాక్ కొట్టేది కాదు అంటారు. ఇక్కడ విచిత్రం ఏంటంటే, మంచి ఎస్ఎంపీఎస్‌లో ఫిల్టర్ కోసం లైన్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఎర్త్‌కి పంపాల్సిన కొద్దిపాటి కరెంటు, ప్లగ్‌లో ఎర్త్ లేకపోతే బాడీ మీదే నిలుస్తుంది. పాతదాంట్లో ఆ ఫిల్టరే పెట్టి ఉండకపోవచ్చు. కాబట్టి ఎస్ఎంపీఎస్ వెనక్కి ఇచ్చే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించండి. అద్దె ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం వెనక వైరే ఉండదు, చాలాసార్లు చూశాను.

కొన్నాక రెండు జాగ్రత్తలు. మాడ్యులర్ అయితే పాత ఎస్ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి వాడొద్దు. కనెక్టర్ పట్టినా లోపల పిన్నుల వరుస కంపెనీకో రకం, ఎస్ఎస్‌డీలు కాలిపోతాయి. ఇక ఎస్ఎంపీఎస్ మూత మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్‌లో 300 ఓల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

షాపుకి వెళ్తే, అది సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా మీ ఊరి సందులో షాపైనా, ముందు డబ్బా తిప్పి ఆ పట్టిక చూపించమనండి. ఆన్‌లైన్‌లో అయితే లేబుల్ ఫోటో లేనిది కార్ట్‌లో వెయ్యకండి. మా వరకు, లోడ్ టెస్టర్ కొనేదాకా ఎస్ఎంపీఎస్‌లకు స్టార్ రేటింగ్ ఇవ్వం, పాత రివ్యూకి ఉన్న స్టార్లు కూడా తీసేశాం. మా తమ్ముడు పోయిన నెల మళ్లీ బిల్డ్ మొదలుపెట్టాడు. ఈసారి ఎస్ఎంపీఎస్ లిస్టులో అన్నిటికన్నా పైన ఉంది, కొనకముందే లేబుల్ ఫోటో వాట్సాప్‌లో పంపాడు. +12వి దగ్గర 45ఏ అని ఉంది. తీసుకో అన్నాను.