పరిశోధనలో జమాఖర్చులు

మన వర్తక కుటుంబముల పిల్లలు నేడు కొట్టుతోబాటు ప్రయోగశాలలలోను ప్రవేశించుచున్నారు. గణితమును, యంత్రశాస్త్రమును కళాశాలలు నేర్పగలవు. ఆ విద్యను నిలబెట్టు నీతిని ఇంటనే మొదలిడవలెను. ఆ నీతి మనకు క్రొత్తది కాదు.

వర్తకునకు చిట్టా యెట్టిదో పరిశోధకునకు ప్రయోగ పుస్తకము అట్టిది. ఏనాటి లెక్క ఆనాడే, తేదీతో, సిరాతో వ్రాయవలెను. తప్పిన అంకెను చెరిపివేయరాదు. పాత అంకె కనబడునట్లు ఒక గీత గీసి, ప్రక్కన సరియైనది వ్రాయవలెను. కోరిన ఫలితము రాలేదని ఆ దినపు లెక్కను విడువరాదు. ఇతరుల ఆలోచనను వారి పేరు చెప్పక తనదిగా ప్రకటించుట అదత్తాదానమే, అనగా ఇయ్యని సొమ్మును తీసికొనుటయే.

పదిమందిని నడిపించువానికి మరియొక పద్దు గలదు. దానికి నిదర్శనము మన బెంగుళూరుననే యున్నది.

అహమ్మదాబాదు జైన కుటుంబమున 1919లో జన్మించిన విక్రమ్ సారాభాయి, రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇచ్చటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసిరి. వారు 1971లో గతించిరి. వారు ఆరంభించిన అంతరిక్ష కార్యక్రమ భారము 1972లో అదే ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు సతీశ్ ధవన్ గారిపై బడెను.

1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు అదుపు తప్పి బంగాళాఖాతమున కూలెను. ఆ పనికి నాయకుడు అబ్దుల్ కలాం. ఐనను పత్రికలవారి యెదుట ధవన్ గారే నిలిచి, వైఫల్యమును తమపై వేసికొనిరి. 1980 జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహము కక్ష్యకు చేరినప్పుడు మాత్రము, మాటాడుటకు కలాం గారిని పంపిరి. ఈ సంగతి కలాం గారే పలుమార్లు చెప్పిరి.

నష్టమును తన పద్దున వ్రాసికొని, లాభమును తోటివారి పద్దున జమకట్టుట యనగా ఇదియే. ఇది తప్పును కప్పిపుచ్చుట గాదు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లము కారిపోయినదని విచారించి తెలిసికొని, లోపమును దిద్దిన పిమ్మటనే మరల ప్రయోగించిరి. తప్పు చెప్పిన గుమాస్తాను దండించు యజమానికి మరునాటినుండి ఎవడును నిజము చెప్పడు, ప్రయోగశాలలోను అంతే. భయమున్నచోట అంకెలు దాగును, దాగిన అంకెలు రాకెట్టును కూల్చును.

కావున పెద్దలు పిల్లలను “మార్కులెన్ని?” యని యడుగుటతోబాటు, “ప్రయోగము చెడిన దినమున పుస్తకమున ఏమి వ్రాసితివి?” అనియు అడుగుదురు గాక.