కిటికీ పక్కనే స్టూడియో

బదిలీ ఉత్తర్వు రాగానే మన ఇళ్లలో సామాను సర్దడం మొదలవుతుంది. టి.సి. తీసుకుంటాం, ఓడకో విమానానికో టిక్కెట్లు చూసుకుంటాం. రెండు మూడేళ్లు కలిసి చదివిన స్నేహితుల గుర్తుగా మనతో వచ్చేవి ఫోన్‌లోని గుంపు సెల్ఫీలే. వాటిలో సగం ముఖాలు మసకగా ఉంటాయి, సగం ముఖాలు వేళ్ల వెనక ఉంటాయి. అందుకే ఒక్కొక్కరికీ ఒక మంచి పోర్ట్రెయిట్ ఇంట్లోనే ఎలా తీయవచ్చో ఇక్కడ నేర్చుకుందాం. పెద్ద కెమెరా అక్కర్లేదు. అమ్మ ఫోనో నాన్న ఫోనో ఒక గంట దొరికితే చాలు.

మన దీవుల వెలుగు

స్టూడియోకు మొదట కావలసింది వెలుగు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడిందని భూగోళంలో చదువుకున్నాం. పోర్ట్ బ్లెయిర్, అంటే నేటి శ్రీ విజయపురం, సుమారు 92.7 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క వేస్తే మన సూర్యుడు గడియారం కంటే దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే చీకటి పడేది అందుకే. బడి నుంచి వచ్చి, తిని, తీరిగ్గా ఫోటో తీద్దామంటే వెలుగు ఉండదు. సెలవు రోజు ఉదయం 8 నుంచి 10 లోపు తీయడం మంచిది.

ఉత్తరం వైపు కిటికీలో ఎండ పడదని ఫోటోగ్రఫీ పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది. చల్లని దేశాలకు అది సరిపోతుంది. మనం భూమధ్యరేఖకు 11.7 డిగ్రీల దూరంలోనే ఉన్నాం. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి దిక్కు కంటే నేలను చూడండి. ఏ కిటికీ దగ్గర ఆ సమయంలో నేల మీద ఎండ చారలు పడడం లేదో అదే మన స్టూడియో. ఎండ పడితే పల్చని తెల్ల దుప్పటి అడ్డంగా కట్టండి. వాన మబ్బు పట్టిన రోజు ఇంకా మంచిది. ఆకాశమంతా ఒకే దీపంలా పనిచేస్తుంది, ముఖం మీద గట్టి నీడలు పడవు.

గదిని సర్దుకోవడం

కూర్చునేవారికి ఒక స్టూలు వేయండి. అది కిటికీకి మూడు అడుగుల దూరంలో, కిటికీ పక్కకు వచ్చేలా ఉండాలి. కిటికీని వెనక పెడితే ముఖం నల్లగా వస్తుంది. స్టూలుకు మూడు నాలుగు అడుగుల వెనక, ఇస్త్రీ చేసిన రంగు దుప్పటిని తాడుకు బట్టల క్లిప్పులతో కట్టండి. దుప్పటి దగ్గరగా ఉంటే దాని మీద నీడ పడుతుంది, ముడతలు కనిపిస్తాయి.

కిటికీకి దూరంగా ఉన్న చెంప చీకటిగా ఉంటుంది. ఆ వైపు రెండడుగుల దూరంలో తెల్ల థర్మాకోల్ షీటు గానీ చార్టు గానీ పట్టుకోండి. కిటికీ వెలుగు దాని మీద పడి తిరిగి ముఖం మీదికి వస్తుంది. షీటును ముందుకు వెనక్కు జరిపితే నీడ తగ్గడం, పెరగడం కంటికే తెలుస్తుంది. చిన్న దీపానికి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుందని భౌతికశాస్త్రం చెబుతుంది. కిటికీ పెద్దది కనుక అంత వేగంగా తగ్గదు, కానీ దూరం పెరిగేకొద్దీ తగ్గడం మాత్రం నిజం.

ట్యూబులైటు ఆర్పేయండి. రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖం మీద రెండు రంగులు కనిపిస్తాయి. ఫ్లాష్ కూడా వద్దు. ఫోన్‌ను కళ్ల ఎత్తులో పట్టుకుని, నాలుగైదు అడుగుల దూరంలో నిలబడండి. మరీ దగ్గరికి వెళితే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. తెర మీద కన్ను కనిపించే చోట వేలితో తాకి, ఆ తర్వాత తీయండి. ఇంట్లో కెమెరా ఉంటే ఇక్కడి తేమకు లెన్సు మీద బూజు పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

రెండు గదులు

సామాను ఎంత ఉన్నా, కూర్చున్న మనిషికి ఇష్టం లేకపోతే అది పోర్ట్రెయిట్ కాదు. ఈ సంగతి చరిత్ర చెబుతుంది. 1890ల్లో బ్రిటిష్ అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ ఇక్కడి అండమానీ ఆదివాసులను చాలా ఫోటోలు తీశాడు. కొన్నింటిలో వారి వెనక గళ్ల తెర ఉంటుంది. శరీరం కొలతలు తెలియడానికే ఆ గళ్లు. ఆ ఫోటోలు తీసింది వాళ్లు ఇంట్లో దాచుకోవడానికి కాదు.

అదే దశకంలో హైదరాబాదులో మరో గది ఉండేది. ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటో తీసేది కూడా స్త్రీయే. కూర్చునేవారు నిశ్చింతగా ఉండాలన్నది అక్కడి మొదటి ఏర్పాటు. కెమెరా రెండు చోట్లా కెమెరాయే. ఫోటో ఎవరి కోసం అన్నదే తేడా.

నేడు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద వెళ్లేటప్పుడు జారవాలను ఫోటో తీయడం శిక్షార్హమైన నేరం. చట్టం చెప్పకపోయినా, అడగకుండా ఎవరి ముఖాన్నీ తీసుకోకూడదు. మన ఇంటి స్టూడియోకూ అదే నియమం. ముందు అడగండి. తీసినవి చూపించండి. వాళ్లు వద్దన్నది అక్కడే తీసేయండి. వాళ్ల అనుమతి లేకుండా ఎవరికీ పంపకండి. తీసేటప్పుడు "నవ్వు, నవ్వు" అనకుండా, వాళ్లకు ఇష్టమైన కబురు ఏదైనా అడగండి. నవ్వు దానంతటదే వస్తుంది.

మీరు చేసి చూడండి

ఈ నెలలో ముగ్గురి పోర్ట్రెయిట్లు తీయండి: ఒక స్నేహితుడు లేదా స్నేహితురాలు, పక్క క్వార్టరులో ఉండే ఒక పెద్దవారు, మీ ఇంట్లో ఎప్పుడూ ఫోటోలు తీస్తూ తాము మాత్రం ఫోటోలో లేనివారు. ఒక్కోదానికి రెండు ప్రింట్లు వేయించండి. వెనక పెన్సిలుతో పేరు, తేదీ, ఊరు రాయండి. ఒకటి వాళ్లకు ఇవ్వండి, ఒకటి మీరు ఉంచుకోండి. ఫోన్ మారితే ఫోటోలు పోవచ్చు. పుస్తకంలో పెట్టుకున్న ప్రింటు మాత్రం విశాఖ వెళ్లినా, జమ్మూ వెళ్లినా మనతోనే వస్తుంది.