తామర తగ్గడం లేదని బెంగా?

క్లాసులో మీ వాడు నడుం దగ్గర గోక్కుంటుంటే పక్కపిల్లాడు కాస్త జరిగి కూర్చుంటాడు. దురద కంటే అదే వాడికి ఎక్కువ బాధ. ఇంటికొస్తే మనమేమో విసుగులో "సరిగ్గా స్నానం చెయ్యవు, అందుకే" అనేస్తాం. తామర శుభ్రత లేక వచ్చే జబ్బు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే ఫంగస్. నీ తప్పేం లేదని మన నోటితో వాడికి చెప్పాలి. పిల్లలు అడగరు, చొక్కా కిందికి లాక్కుని ఊరుకుంటారు.

నెలల తరబడి వేధిస్తున్నా ఇది తగ్గే జబ్బే. కానీ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మెడికల్ షాపులో "దురదకేదైనా ఇవ్వండి" అని మనం తెచ్చే ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు, దురద పోతాయి. ఫంగస్ మాత్రం లోపల హాయిగా పెరుగుతుంది, రాయడం మానగానే ఇంకా పెద్దదై తిరగబెడుతుంది. అలాగే రాస్తూ పోతే లేత చర్మం పలచబడి చారలు పడతాయి. అవి పూర్తిగా పోవు. బిడ్డకి రాత్రి నిద్ర పట్టాలనే కదా రాశాం!

దానికి తోడు ఫంగస్ కూడా మొండికేసింది. ఇప్పుడు మన దేశంలో బాగా వ్యాపించిన రకానికి 2020లో జపాన్ పరిశోధకులు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఇది చాలాసార్లు ఫంగస్ మందైన టెర్బినాఫిన్‌కి లొంగదు. ఆ మందు పని చేయాల్సిన ఎంజైమే దీనిలో మారిపోయింది. అలాంటప్పుడు డాక్టర్లు ఎక్కువగా ఇట్రాకొనజోల్ ఇస్తారు, పిల్లలకైతే బరువు చూసి. వారాల తరబడి వాడాలి, మచ్చ మాయమైందని మధ్యలో ఆపకూడదు. క్యాప్సూల్ అయితే అన్నం తిన్న వెంటనే వేయాలి. గ్యాస్ మాత్రలు తోడైతే సరిగా ఒంటబట్టదు.

అది ఫంగసేనా అని తేల్చే పరీక్ష కోసం బ్లేడుతో కాస్త పొలుసు గీకి తీస్తారు. పెద్దగా నొప్పి ఉండదని ముందే చెబితే పిల్లలు బెదిరిపోరు.

ఇంట్లో పెద్దవాళ్ళు తమ గజ్జల్లో దురద సంగతి సిగ్గుపడి చెప్పరు. వాళ్ళకి వైద్యం జరగనంతకాలం పిల్లాడికి మళ్ళీ అంటుతూనే ఉంటుంది. అందరూ ఒకేసారి చూపించుకోవాలి. ఎవరి తువ్వాలు వారిదే. బట్టలు ఎండలో పూర్తిగా ఆరాలి.

చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకెళ్ళండి. తిడతారేమోనని ఏదీ దాచకండి.